వజీఫా, పింఛను, ప్రాన్

పింఛను అనే మాటను మనవాళ్లు ఎన్ని విధాలుగా వ్రాస్తారో గమనించినారా? పెన్షన్, పెన్షను, పింఛన్, పింఛను. కొందరు మరింత గౌరవమిచ్చి తొలి అక్షరానికి ఒత్తు కూడా పెట్టి ఫించను చేస్తారు. ముప్పది నాలుగేండ్లు పిల్లల నోటుపుస్తకాలలో ఎర్రసిరాతో వర్ణదోషాలు దిద్దిన అలవాటు కొద్దీ, ఆ ఒత్తు కనబడితే నా చేయి ఇప్పటికీ ఊరుకోదు. నెమలి పింఛానికీ దీనికీ బంధుత్వమేమీ లేదు. లాటిను భాషలో తూచుట అనే అర్థమున్న ధాతువు నుండి ఆంగ్లంలోకి, అక్కడి నుండి మనలోకి వచ్చిన మాట ఇది. నాణేలను తూచి చెల్లించిన కాలపు మాట. పండితుడు దొరికినాడు కదా అని భయపడకండి, ఈ టపాలో పదాల ముచ్చట కొంచెమే. అసలు సంగతి, ఈ తూకపు సొమ్మును గురించి ఉద్యోగుల ఇండ్లకు చేరే వార్తలు, చేరని వార్తలు.

నా చిన్నతనంలో మా ఉత్తర తెలంగాణ పెద్దలెవరూ పింఛను అనలేదు, వజీఫా అన్నారు. మా పెద్దనాయన నిజాం సర్కారు బడిలో ఉపాధ్యాయుడుగా చేరి, రాజ్యం పోయి, రాష్ట్రం మారి, చివరకు ఆంధ్రప్రదేశ్ ఉద్యోగిగా విరమించినవాడు. ఏ ప్రభుత్వం ఇచ్చినా ఆయనకది వజీఫాయే. నెలకొకసారి ఉతికిన ధోవతి కట్టుకొని జగిత్యాలకు బస్సెక్కేవాడు. సాయంత్రం పుట్నాల పొట్లంతో తిరిగి వచ్చేవాడు. ఎంత వచ్చినదో ఎవరికీ చెప్పడు, చెప్పవలసిన పనీ లేదు. ఇంట్లో అందరికీ తెలిసిన ఒకే ఒక్క సంగతి, అది వచ్చే నెల కూడా వస్తుందని. ఆయన పోయిన తర్వాత మా పెద్దమ్మకు అందులో కొంత భాగం వచ్చినది. ఆమె అక్షరం ముక్క రానిది. అయినా తనకు వజీఫా వస్తుందని భర్త బ్రతికి ఉండగానే ఆమెకు తెలుసు. ఎవరు చెప్పినారు? ఎవరూ చెప్పలేదు. ఊరిలో ఆమెకంటే ముందు అట్లా తీసుకున్నవారు ఇద్దరు ముగ్గురున్నారు, వారిని చూచినది, అంతే.

ఉర్దూలో వజీఫా అంటే విద్యార్థి వేతనమని కూడా అర్థమున్నది. విచిత్రమేమంటే పాత తెలుగు వ్రాతలలో కూడా ఈ రెంటికీ ఒకే మాట, ఉపకారవేతనము. చదువుకునే పిల్లవానికిచ్చినా, పనిచేసి అలసిన వృద్ధునికిచ్చినా అది ఉపకారమే అన్నమాట. ఆ మాటలోని మొదటి సగం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఉపకారమైతే ఇచ్చేవాని దయ, ఈ నెల ఉండవచ్చు, వచ్చే నెల ఉండకపోవచ్చు. ఈ అపార్థాన్ని దిద్దినది భాషావేత్తలు కారు, సుప్రీంకోర్టు. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, పింఛను యజమాని దయతో విదిల్చే బహుమానం కాదనీ, చేసిన సేవకు సంబంధించిన హక్కు అనీ తేల్చి చెప్పినది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ డి.ఏ. దేశాయ్. ఆ ధర్మాసనంలో మన ఓ. చిన్నపరెడ్డిగారు కూడా ఉన్నారు. అందుకే ఏటా డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకొంటారు. మా జిల్లాలలో కూడా సంఘ భవనాలలో శాలువాలు కప్పుతారు, అప్పుడప్పుడు నా చేత పద్యాలు చదివిస్తారు.

ఆ కేసులో అసలు తగవు ఒక తేదీ గురించి. 1979 మార్చి 31న గాని, ఆ తర్వాత గాని విరమించినవారికి మెరుగైన లెక్క, అంతకు ముందు విరమించినవారికి పాత లెక్క అని కేంద్రం గీత గీసినది. ఒకే పని చేసి విరమించినవారిని ఒక తేదీతో రెండు జాతులుగా చీల్చడం చెల్లదని ధర్మాసనం ఆ గీతను చెరిపివేసినది.

ఆ తీర్పుకు ఇరువది రెండేండ్లు నిండకముందే మరొక గీత వచ్చినది. కేంద్రంలో 2004 జనవరి 1 నుండి సైనిక దళాలు తప్ప మిగిలిన కొత్త నియామకాలన్నిటికీ పాత పింఛను నిలిచిపోయినది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ లో 2004 సెప్టెంబరు 22 తేదీతో ఆర్థికశాఖ 653వ నంబరు జీ.ఓ. వెలువడినది. సెప్టెంబరు 1న గాని, ఆ తర్వాత గాని ఉద్యోగంలో చేరినవారికి చందాతో కూడిన కొత్త పథకమే గతి అని దాని సారాంశం. అదే మనమంతా సి.పి.ఎస్. అని పిలుస్తున్నది. 2014 జూన్ 2న తెలంగాణ వేరుపడినప్పుడు గోదావరి, సింగరేణితోపాటు ఈ గీత కూడా మా వాటాకు వచ్చినది. న్యాయశాస్త్రం తెలిసినవారు ఇది నకారా కేసువంటిది కాదంటారు, కొత్తగా చేరేవానికి కొత్త షరతులు పెట్టవచ్చునంటారు. కావచ్చు. కాని బడిలో ఉపాధ్యాయుల గది అనేది ఒకటుంటుంది. అక్కడ బల్ల ఒకటే, నీళ్లకుండ ఒకటే, గంట కొట్టినప్పుడు లేచి వెళ్లే తరగతులూ అవే. 2004 తర్వాత ఆ బల్లకు ఒకవైపు కూర్చున్నవారికి ముసలితనం గురించి దిగులు లేదు, మరొకవైపు కూర్చున్నవారికి దిగులు తప్ప మరేమీ లేదు. సంవత్సరంలో రెండు దినాలు ఈ చీలిక కంటికి కనబడుతుంది. డిసెంబరు 17న పెద్దలకు దండలు. సెప్టెంబరు 1న పిన్నలు నల్లబ్యాడ్జీలు పెట్టుకొని పాటించే పెన్షన్ విద్రోహ దినం.

ఇందులో మరీ బాధాకరమైనది 2003 డీయస్సీ వారి కథ. ప్రకటన వెలువడినది గీతకు ముందు, నియామక పత్రాలు చేతికి వచ్చినవి గీత దాటిన తర్వాత, 2005లో. ఆలస్యం చేసినది అభ్యర్థులు కారు. కేంద్రం 2023 మార్చి 3న ఒక ఉత్తర్వు ఇచ్చి, కొత్త పథకపు ప్రకటనకు ముందే, అంటే 2003 డిసెంబరు 22కు ముందే, ప్రకటన వెలువడిన ఉద్యోగాలలో చేరిన తన వారికి పాత పింఛనుకు మారే అవకాశమిచ్చినది. అదే న్యాయం మాకూ చేయండని మా వైపు 2003 వారు అడుగుతూ వచ్చినారు.

ఇక వార్తల సంగతి.

నేను 1984లో రెండవ శ్రేణి తెలుగు పండితుడుగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరినాను. ప్రభుత్వ పాఠశాలలవారి భవిష్యనిధి లెక్కలు హైదరాబాదులో అకౌంటెంట్ జనరల్ వద్ద, మావంటి పరిషత్తు ఉపాధ్యాయులవి జిల్లా పరిషత్తు వద్ద ఉండేవి. సంవత్సరానికొకసారి ఒక చీటీ వచ్చేది. గత నిల్వ, ఈ ఏటి జమ, వడ్డీ, తీసుకున్న అప్పు, మిగిలిన నిల్వ. అంతే వార్త. చీటీ వచ్చిన దినం పాఠాలు సరిగా సాగేవి కావు, అందరూ కాగితాల వెనుకవైపు కూడికలు చేసేవారు. వడ్డీ అప్పుడు 12 శాతం. 1986 నుండి 2000 దాకా అదే నిలకడగా ఉండి, తర్వాత మెట్లు దిగుతూ 2020 ఏప్రిల్ లో 7.1కి చేరినది. కొందరికి కొన్ని నెలల జమ చీటీలో కనబడేది కాదు. వాటిని మిస్సింగ్ క్రెడిట్స్ అనేవారు. నా మిత్రుడొకడు, గణితం చెప్పేవాడు, తప్పిపోయిన పదకొండు నెలల జమ కోసం ఒక కార్యాలయం చుట్టూ నాలుగేండ్లు తిరిగినాడు. గుమాస్తాకు లెక్క నేర్పడం తొమ్మిదవ తరగతికి క్షేత్రగణితం నేర్పడం కన్న కష్టమనేవాడు. చివరికి దొరికినవి. పాత బిల్లు పుస్తకంలో ఎప్పుడో కలిపి వ్రాసి ఉన్నవట.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయవలె, ఎందుకంటే ఉద్యోగులు కానివారు ఈ రెంటినీ కలిపివేస్తారు. భవిష్యనిధి మా సొంత సొమ్ము, దానికి వడ్డీ. అందులో సర్కారు వాటా ఏమీ లేదు. బిడ్డ పెండ్లికో ఇంటికో అందులో నుండి పార్ట్ ఫైనల్ తీసుకునేవారం. పింఛను దానికి సంబంధం లేనిది. దానికొక నిధి లేదు, ఖాతా లేదు, చీటీ లేదు. 33 ఏండ్ల సేవ నిండితే చివరి మూలవేతనంలో సగం, తక్కువైతే ఆ దామాషాలో, దానిపై ధరలతోపాటు పెరిగే కరువు భృతి, తర్వాత జీవిత భాగస్వామికి కుటుంబ పింఛను. ఒక్క వాక్యం. ఆ వాక్యంలో మార్పు లేనంతకాలం దాని గురించి వార్తలు అక్కరలేదు. నేను 2018లో విరమించిననాటికి మేము ఎదురుచూచిన వార్తలు రెండే, డి.ఏ. ఎంత పెరిగినది, పి.ఆర్.సి. ఎప్పుడు వస్తుంది.

కొత్త పథకంలో ఆ వాక్యం లేదు. దాని స్థానంలో ఒక సంఖ్య ఉన్నది, పన్నెండంకెల ప్రాన్. శాశ్వత విరమణ ఖాతా సంఖ్య అని దాని భావం. పొడి అక్షరాలు ఏరి ఈ పేరు కూర్చినవాడెవరో గాని, సంస్కృతం తెలిసినవాడై ఉండవలె. మా పిల్లలు కొందరు దానిని ప్రాణ్ అనే పలుకుతారు, దిద్దబుద్ధి కాదు. తొలి సంవత్సరాలలో కోత మొదలైనది గాని, ఆ సంఖ్య ఎందరికో కొన్నేండ్ల తర్వాత గాని చేతికి రాలేదు. ఉద్యోగి మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో పదవ వంతు, అంతే ప్రభుత్వ వాటా. కేంద్రం 2019 ఏప్రిల్ నుండి తన వాటాను 14 శాతం చేసుకున్నది. ఆ సొమ్మును జీవిత బీమా, స్టేట్ బ్యాంకు, యూ.టీ.ఐ. వారి పింఛను నిధి సంస్థలకు పంచి ఋణపత్రాలలో, కొంత వాటాల విపణిలో పెడతారు. యూనిట్ విలువ దినదినమూ దశాంశ బిందువు తర్వాత నాలుగంకెలతో ప్రకటితమవుతుంది. ఫోనుకు సందేశాలు వస్తాయి. మీ ఖాతాలో ఇంత జమ అయినది, ఇన్ని యూనిట్లు వచ్చినవి అని. మా కాలంలో ఏడాదికొక చీటీ, వీరికి వారం వారం ఏదో ఒక కబురు. అన్ని కబుర్లు కలిపినా, ముసలితనంలో నెలకు ఎంత వస్తుందన్న ఒక్క ప్రశ్నకు జవాబు లేదు.

లెక్క వేసి చూడండి. విరమణనాటికి ఖాతాలో 40 లక్షలు ఉన్నవనుకొందాం. అందులో 60 శాతం, 24 లక్షలు, చేతికి తీసుకోవచ్చు. మిగిలిన 16 లక్షలతో బీమా సంస్థ వద్ద యాన్యుటీ కొనవలె. ఏటికి 6 శాతం దొరికితే నెలకు 8 వేలు. ఆ 8 వేలు పదేండ్లకైనా 8 వేలే, కందిపప్పు ధర ఏమైనా సరే. పాత పద్ధతిలో చివరి మూలవేతనం 80 వేలున్నవానికి నిండు సేవకు 40 వేలు. ఇరవై ఏండ్లే చేసినా 24 వేల పైచిలుకు, కరువు భృతి వేరు. 24 లక్షలు తక్కువ సొమ్మా అని అడిగేవారున్నారు. తక్కువ కాదు. పొదుపరి దానిని పెంచుకోనూవచ్చు. కాని మా వైపు ఇండ్లలో ఒక్కసారిగా వచ్చిన డబ్బు ఏ దారిన పోతుందో నాకు తెలుసు. ఒక పెండ్లి, ఒక ఆపరేషను, కొడుకు ప్లాటు. నెలనెలా వచ్చేది మాత్రం ఎవరూ అడగరు, అది వంటింటిది.

జవాబు లేని చోట వదంతి పుడుతుంది. 2022లో రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, పంజాబు పాత పింఛనుకు తిరిగి వెళ్తామన్నవి, 2023 జనవరిలో హిమాచల్ కూడా. ఇప్పటికే జమ అయిన నిధిని రాష్ట్రాలకు తిరిగి ఇచ్చే వీలు చట్టంలో లేదని కేంద్రం అన్నది. ఆంధ్రప్రదేశ్ 2023లో హామీ పింఛను పేరుతో, జీ.పీ.ఎస్. అని, ఒక చట్టం చేసినది. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 24న ఏకీకృత పింఛను పథకాన్ని ఆమోదించగా 2025 ఏప్రిల్ 1 నుండి అది కేంద్రోద్యోగులకు అమలులోకి వచ్చినది. 25 ఏండ్ల సేవకు, చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం. మా రాష్ట్రంలో 2023 ఎన్నికల ప్రణాళికలో సి.పి.ఎస్. రద్దు హామీ వచ్చినది. 2025 ఫిబ్రవరి 27న కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఉపాధ్యాయ నియోజకవర్గపు శాసనమండలి ఎన్నిక జరిగినప్పుడు, ఓట్లడగడానికి వచ్చి సి.పి.ఎస్. మాట ఎత్తని అభ్యర్థి ఒక్కడూ నా కంటబడలేదు. ప్రతి కబురూ ఒక రాత్రి నిద్ర చెడగొడుతుంది. దొంగ జీ.ఓ.లు కూడా తిరుగుతవి. వాటిని గుర్తించడం నాకు తేలిక. అసలు జీ.ఓ.లో వాక్యం పేరా పొడవునా సాగి చివరికెక్కడో క్రియతో కలుస్తుంది, దొంగది త్వరగా అర్థమైపోతుంది.

సర్కారు ఉద్యోగుల గోడు ఏమి చెప్పుకొంటావయ్యా అని మా బొగ్గుబాయి మిత్రులు నన్ను వెక్కిరిస్తారు, వారి మాటలో న్యాయమున్నది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనులలో జీవితాంతం పనిచేసినవారికి 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం వర్తిస్తుంది. అది ధరలతోపాటు పెరగదు. ఇరవై ఏండ్ల కిందట విరమించినవాడు ఆనాటి అంకెనే ఇప్పటికీ అందుకొంటున్నాడు. మా కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టిన స్త్రీలకు భవిష్యనిధి సంస్థ ద్వారా వచ్చేది ఇంకా తక్కువ, 2014 సెప్టెంబరులో దాని కనీసం 1,000 రూపాయలుగా నిర్ణయమైనది. ఈ సంగతులకు వేరే టపా కావలె. ఇప్పుడు నా పూర్వవిద్యార్థి విషయానికి వస్తాను, ఇంత ఉపోద్ఘాతమూ అతని కోసమే.

అతడు 1991లో మా బడిలో పదవ తరగతి చదివినాడు. ఛందస్సంటే ఇష్టం, గణవిభజన తప్పేవాడు కాదు. 2003 డీయస్సీలో స్థానికేతరుల కోటాలో ఆదిలాబాదు జిల్లాకు ఎంపికై, 2005 చివర ఉట్నూరు వైపు ఒక బడిలో చేరినాడు. గోండు పిల్లలకు తెలుగు చెప్పడానికి ముందు తాను వారి భాష కొంత నేర్చుకున్నాడు. తర్వాత కుటుంబాన్ని లక్షెట్టిపేటలో పెట్టినాడు. మాకూ వారికీ మధ్య గోదావరి ఒక్కటే, రాయపట్నం వంతెన దాటితే వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఫోను చూపి, సార్ గీ యూనిట్ అంటే ఏంది అని అడిగేవాడు. సి.పి.ఎస్. వార్త ప్రతి ఒక్కటీ అతని ఫోనులో ఉండేది. 2021 మార్చి 22న ముఖ్యమంత్రి శాసనసభలో 30 శాతం ఫిట్‌మెంటు, 61 ఏండ్ల విరమణ వయస్సుతోపాటు, ఉద్యోగంలో ఉండగా మరణించిన సి.పి.ఎస్. వారి కుటుంబాలకు కూడా కుటుంబ పింఛను ఇస్తామని ప్రకటించినప్పుడు నాకు ఫోను చేసినవాడు అతడే. జూన్ లో ఉత్తర్వులు కూడా వచ్చినవి. మంచిదే బిడ్డా అన్నాను. గదొక్కటన్న అచ్చింది సార్ అన్నాడు.

2022 వానకాలంలో గుండెపోటుతో పోయినాడు. నలుబది ఏడు నిండలేదు.

2023 ఎండకాలంలో అతని భార్య చిన్నకొడుకును వెంటబెట్టుకొని ధర్మపురికి వచ్చినది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు. "సార్, గా ప్రాన్ పైసలు ఎప్పుడొస్తయో జర సూడుండ్రి" అన్నది. పింఛను సంగతి ఏమైనదమ్మా అని అడిగినాను. ఆమె నా వంక వింతగా చూచినది. "సీపీఎస్ వాళ్లకు పింఛను ఉండదు గద సార్, ఆయనే అంటుండె." ఒక కార్యాలయంలో కూడా ఎవరో ఆమెతో అదే అన్నారట. పది నెలలుగా ఆమె అడుగుతున్నది ఖాతాలోని సొమ్ము గురించి మాత్రమే.

ఆ ప్రకటన అతనికి తెలుసు, నాకు ఫోను చేసి చెప్పినాడు. ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? తన చావు తర్వాతి సంగతి భార్యతో ముచ్చటించే మగవాడు మా వైపు అరుదు, శుభమా అని ఇంట్లో కూర్చొని ఆ మాటేమిటని ఆమె కసురుతుంది కూడా. వార్తలన్నీ అతని ఫోనుకు వచ్చినవి. ఉపాధ్యాయుల వాట్సాప్ బృందాలలో తిరిగినవి. అతడు పోయిన వారానికి ఆ బృందాలలో నివాళులు అర్పించినారు, తర్వాత ఎవరో అతని నంబరును తొలగించినారు. ఆమె ఏ బృందంలోనూ లేదు. మా పెద్దమ్మకైతే చూచి తెలుసుకోవడానికి ఊరిలో ఇద్దరు ముగ్గురున్నారు. ఈమెకు ముందు నడిచినవారు ఆమెకు తెలిసినంతలో ఎవరూ లేరు.

సంఘం డైరీ తెరిచి 2021 జూన్ ఉత్తర్వు చూపినాను. ఆంగ్లంలో ఉన్నది, చదివి తెలుగులో చెప్పినాను. మళ్లీ చదవమన్నది. రెండవసారి చదువుతుంటే కొడుకు చేయి పట్టుకొని ఉన్నది గాని ఏమీ అనలేదు.

తర్వాతి పని కాగితాలది. సేవా పుస్తకం తెప్పించి చూస్తే కుటుంబ వివరాల పుట ఖాళీగా ఉన్నది. 2005లో చేరిననాటికి అతడు బ్రహ్మచారి, తర్వాత ఎవరూ నింపలేదు. ప్రాన్ దరఖాస్తులో నామినీ గడిలో తల్లి పేరు. ఆధారులో భార్య పేరు ఒక రకంగా, పిల్లల బడి పత్రాలలో మరొక రకంగా ఉన్నది. ఒకచోట దీర్ఘం, ఒకచోట హ్రస్వం. జీవితమంతా దీర్ఘహ్రస్వాల గురించి పిల్లల చెవులు మెలిపెట్టినవాణ్ణి, వాటి విలువ రూపాయలలో చూచినది మాత్రం అప్పుడే. తహసీల్దారు కార్యాలయం నుండి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తేవలె. పేరు ఒక్కటేనని ప్రమాణపత్రం వ్రాయించవలె. ప్రధానోపాధ్యాయుని నుండి పై కార్యాలయానికి, అక్కడి నుండి హైదరాబాదుకు దస్త్రం కదలవలె. అతనితో పనిచేసిన ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకడు పాత పింఛనువాడు, ఒకడు సి.పి.ఎస్. వాడు, సెలవుపెట్టి తిరిగినారు.

నామినీ విషయమై తల్లిని కలువవలసి వచ్చినది. ధర్మపురికి దగ్గరి పల్లె, డెబ్బది దాటిన మనిషి, నెలనెలా వచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలతో ఒంటరిగా ఉంటున్నది. అత్తాకోడండ్లకు పెద్దగా పొత్తు లేదని నాకు ముందే చెప్పినారు. ఖాతాలో ఎన్ని లక్షలున్నవో, ఆ గడిలో ఎవరి పేరున్నదో దాచకుండా చెప్పినాను. చెప్పకుండా వేలిముద్ర వేయించడం నా వల్ల కాదు. ఆమె చాలాసేపు వాకిట్లోకి చూచి, "ఆయింత నా పేరు రాసిండా?" అన్నది. అవునమ్మా అన్నాను. మళ్లీ కాసేపాగి, "నాకెందుకు సారూ, పోరగాండ్లకు రాయిండ్రి" అని బొటనవేలు చాపినది. సిరా అంటిన వేలిని కొంగుకు తుడుచుకోకుండా అట్లాగే చాలాసేపు పట్టుకొని కూర్చున్నది. అతని పేరు ఉన్న ఆ కాగితం నకలు ఒకటి తనకు కావాలన్నది. జిరాక్సు తీయించి తర్వాత ఇచ్చి వచ్చినాను.

2024లో కుటుంబ పింఛను మంజూరైనది. పాత నెలల బకాయి కలిసి వచ్చినది. ఆ సొమ్ముతో పెద్దవాని ఇంజనీరింగు ఫీజు కట్టినారు.

ఇప్పుడు ఆమెకు ఏటా జీవన ప్రమాణపత్రం సమర్పించే పని ఉన్నది, నాకున్నట్లే. తాను బ్రతికి ఉన్నానని తానే చెప్పుకోవడం మొదటి ఏడు ఆమెకు నవ్వు తెప్పించినది. అతడు పనిచేసిన చోటి ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు తమ సేవా పుస్తకాలు తెప్పించుకొని కుటుంబ వివరాల పుట నింపించుకున్నారని తెలిసినది. ఒకని భార్య స్వయంగా వెళ్లి తన పేరులోని దీర్ఘం సరిచూచుకొని వచ్చినదట. మొన్న నవంబరులో చిన్నకొడుకు ఫోను చేసి, తాతా, అమ్మ సర్టిఫికెట్ ఏ తారీకు దాకా ఇయ్యొచ్చు అని అడిగినాడు. మార్చి 31 అని చెప్పినాను. వ్రాసుకుంటున్న అన్నాడు.